సుసానా షిల్లింగ్

"ఇదిగో నీ ఆస్తి. తీసుకో. తమ్ముడు ఎగ్గొట్టాడని రేపు ఊరంతా చెప్పుకోకు."

క్లిఫర్డ్ ప్యాంటు జేబులోంచి ఐదు పెన్నీల నాణెం తీసి వంటింటి బల్ల మీద పడేశాడు. అది గిరగిరా తిరిగి, అంత్యక్రియల నాడు మిగిలిన పంది మాంసం పళ్ళేనికి తగిలి పడిపోయింది.

హెస్టర్ అటు చూడలేదు. తొట్టి దగ్గర నిలబడి టీ కప్పులు కడుగుతోంది. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతున్నానని ఆమెకి తెలియదు.

"నాన్న షిల్లింగు అని రాశాడు. షిల్లింగుల కాలం పోయి ఎన్నేళ్ళయింది! వకీలు బ్లైత్ గారు మొత్తుకున్నారట, 'ఆంబ్రోస్, ఆ లెక్క ఇప్పుడు లేదయ్యా, ఐదు పెన్నీలని రాద్దాం' అని. వింటేనా? 'షిల్లింగనే రాయి, హెస్టర్‌కి తెలుసు' అన్నాడట. నీకు తెలుసట! ఏం తెలుసు? నువ్వు చేసిన ఘనకార్యం నీకు తెలుసని."

"క్లిఫ్, ఇంక చాలు," అంది అతని భార్య మ్యూరియల్. చాలు అన్న మాటలో చాలు అనే ఉద్దేశం మాత్రం లేదు. ఆమె పొయ్యి పక్కన నిలబడి కేకు ముక్క తింటోంది. నలుపు బట్టలు అప్పుడే విప్పేసింది. తండ్రిని మట్టిలో పెట్టి పట్టుమని పది రోజులు కాలేదు.

మొన్న గురువారం ముందుగదిలో వీలునామా చదివారు. పొలం క్లిఫర్డ్‌కి. ఈ ఇల్లు క్లిఫర్డ్‌కి. పశువులు, పందులు, ట్రాక్టరు, కొట్టాలు క్లిఫర్డ్‌కే. మేనత్త విన్నీకి బతికున్నన్నాళ్ళూ కింది గది. అన్నిటికంటే ముందు, మొట్టమొదటి వాక్యంలోనే, "నా కూతురు హెస్టర్‌కి ఒక షిల్లింగు." ఆ మాట విన్న హెస్టర్ లేచి, ఎవరి మొహమూ చూడకుండా కోళ్ళ గూటిలోకి వెళ్ళిపోయింది. చీకటి పడేదాకా బయటికి రాలేదు.

ఈ దేశంలో షిల్లింగు చేతిలో పెట్టి పంపడమంటే ఏమిటో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది. నువ్వు నాకేం కావు పొమ్మని. మరిచిపోయి వదిలేయలేదు, తెలిసే వదిలేస్తున్నానని.

ఏళ్ళ తరబడి ఆ మనిషికి గంజి తాగించి, గడ్డం గీసి, చివరి నాలుగేళ్ళూ చూపు పోయాక చెయ్యి పట్టుకుని మరుగుదొడ్డికి తీసుకెళ్ళిన కూతురు హెస్టర్. అందుకు బహుమానం బల్ల మీద పడి ఉంది.

"ఎప్పుడు ఖాళీ చేయాలి?" అంది హెస్టర్, కప్పు బోర్లిస్తూ.

"నిన్నెవరు తరుముతున్నారు? క్రిస్మస్ దాకా ఉండు. ఆ తర్వాత మేం ఈ ఇంట్లోకి మారతాం. పై గది మాక్కావాలి."

"క్రిస్మస్ దాకా," అని హెస్టర్ ఆ మాటనే మళ్ళీ అంది.

"ఉన్నది చాలదా పిల్లా నీకు?"

ఆ మాట కిటికీ పక్కనుంచి వచ్చింది. విన్నీ అత్త అల్లిక చేతిలోంచి దించకుండానే అంది. ఎనభై దాటినా పాము చెవులు ఆవిడవి. "మా అన్న పోయి నేను ఏడవాలా, నీ అలక తీర్చాలా? ఆశకి ఓ హద్దుండాలి."

హెస్టర్ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. తమ్ముడి మాట కంటే ఈ మాట లోతుగా దిగింది. తమ్ముడి నోరు చిన్నప్పట్నుంచీ అంతే. అత్త అలాంటిది కాదు. ఇల్లు పోయిన మనిషిని పట్టుకుని ఉన్నది చాలదా అంటోంది. ఏం ఉందని? పైన ఒక ఇనప మంచం, రెండు జతల బూట్లు, ఒక గొడుగు.

"నేనేం అడగలేదత్తా."

"అడగక్కర్లేదు. నీ మొహమే అడుగుతోంది."

మ్యూరియల్ వేళ్ళకంటిన కేకు పొడి దులుపుకుంది. "సరే, ఎవరి ఏడుపు వాళ్ళది. ఇవాళ శనివారమని గుర్తుందా హెస్టర్? నాలుగింటికి లండన్ వాళ్ళొస్తారు. దుప్పట్లు మార్చలేదు, పొయ్యిలో బూడిద తీయలేదు. పోయిన వారం అంటే సరే, చావు. ఈ వారం కూడా అలాగే వదిలేస్తే ఇంకెవరొస్తారు మన కాటేజీకి?"

చాపెల్ అనే చిన్న చర్చి పక్కన సందు చివర రాతి కాటేజీ అది. ఎనిమిదేళ్ళ క్రితం తండ్రి దగ్గర క్లిఫర్డ్ సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. అలాగని అతనే చెప్పుకున్నాడు. వారం వారం పట్నం వాళ్ళు వచ్చి సముద్రపు గాలి పీల్చి పోతారు. వాళ్ళు పోయాక వెంట్రుకలూ ఇసకా ఊడ్చేది, మరుగుదొడ్డి తోమేది హెస్టర్. జీతం లేదు. అక్కా తమ్ముళ్ళ మధ్య జీతాలేమిటి అని మ్యూరియలే ఒకసారి అంది, చాలా ప్రేమగా.

తాళంచెవి హెస్టర్ ఆప్రాన్ జేబులోనే ఉంటుంది. ఆ ఇంటికి ఉన్న తాళంచెవి అదొక్కటే.

"వెళ్తాలే," అంది హెస్టర్.

ఆమె అంతే. కొడితే పడుతుంది. ముప్పై ఏళ్ళప్పుడు మాత్రం పడలేదు. తాగొచ్చి చెయ్యి చేసుకునే మొగుడిని లోస్టాఫ్ట్ రేవులో వదిలేసి, చిన్న పెట్టెతో ఈ గుమ్మంలోకి వచ్చింది. తండ్రి ఆరోజు ఎందుకొచ్చావని అడగలేదు. ఎన్నాళ్ళుంటావనీ అడగలేదు. జరిగి కూర్చుని పొయ్యి దగ్గర చోటిచ్చాడు.

మంచం పట్టాక మాత్రం అదేం బుద్ధో, "నీ ఇంటికి నువ్వు పో హెస్టర్" అనడం మొదలుపెట్టాడు. మొగుడి ఇంటికి పొమ్మంటున్నాడని ఆమెకి కడుపు మండేది. ఆ మొగుడు ఏ రేవులో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో! ఆమె జవాబు చెప్పకుండా దుప్పటి సర్ది వచ్చేసేది. 'హెస్టర్‌కి తెలుసు' అంటే ఇదేనన్నమాట. మొగుణ్ణి వదిలేసిన తప్పు ఆయన లోపల్లోపల దాచుకునే పోయాడు. ఆ తప్పుకి ఇంత ఖరీదు కట్టాడు.

తడి చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి మ్యూరియల్ మెట్ల కింది అల్మారాలోంచి ఒక అట్టపెట్టె లాగుతోంది.

"అది ఎక్కడికి?"

"పెరట్లో మంట వేశాంగా. మీ నాన్న పరుపు ఎలాగూ కాల్చాలి. ఈ చెత్త కూడా పోతే అల్మారా ఖాళీ అవుతుంది."

"అది చెత్త కాదు. అక్కడ పెట్టు."

"చచ్చినవాళ్ళ కాగితాలు హెస్టర్! ఎలకలు చేరుతున్నాయి."

"పెట్టమన్నాను."

మ్యూరియల్ పెట్టలేదు. హెస్టర్ వెళ్ళి పెట్టె రెండో కొస పట్టుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు, అరవై దగ్గర పడుతున్నవాళ్ళు, కోడిపుంజు కోసం కొట్లాడే పిల్లల్లా చెరో వైపు లాగారు. అట్ట చిరిగింది. కాగితాలు నేలంతా పరుచుకున్నాయి.

అన్నీ హెస్టర్ చేతిరాతే. మూడు వందల ఏళ్ళ నాటి తమ కెరిడ్జ్ వంశం వాళ్ళు చావుమంచం మీద చెప్పి రాయించిన వీలునామాలకి నకళ్ళు. చలికాలం పొలం పని లేనప్పుడల్లా తండ్రీ కూతుళ్ళు బస్సెక్కి జిల్లా పాత దస్తావేజుల ఆఫీసుకి పోయేవారు. ఆ తోలు కాగితాల మీది కోడిగీతలు హెస్టర్‌కే అంతుపట్టేవి. ఆమె మెల్లగా చదివేది, తండ్రి వినేవాడు. ఎవడు ఎవడికి ఇత్తడి కుండ ఇచ్చాడు, ఎవడు ఏ కూతురికి ఈక పరుపు ఇచ్చాడు, ఎవడు పెళ్ళాన్ని నమ్మక ఆవును తమ్ముడి పేర రాశాడు. చూపు పోయాక కూడా ఆయన వదల్లేదు. "ఇవాళ ఎవర్ని లేపుదాం?" అని అడిగేవాడు. ఆమె పెట్టెలోంచి ఒకదాన్ని తీసి చదివేది. వంశవృక్షం అంతా ఆ ముసలాయన నాలిక చివర ఉండేది. ఎదురుగా ఉన్న కొడుకుతో వాతావరణం గురించి తప్ప మాట్లాడేవాడు కాదు.

హెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని కాగితాలు ఏరుకోసాగింది.

క్లిఫర్డ్‌కి ఆ దృశ్యం చూస్తే నవ్వొచ్చింది. నవ్వులో కసి కూడా ఉంది.

"ఏరుకో, ఏరుకో. ఇన్నేళ్ళు తవ్వావు కదా శవాల్ని. చివరికి ఏం దొరికింది? ఆ సుసానాకి దొరికిందే నీకూ దొరికింది. సుసానా షిల్లింగు!"

హెస్టర్ చెయ్యి ఒక కాగితం మీద ఆగింది.

"ఏమన్నావు?"

"సుసానా షిల్లింగు. నాన్న మనల్ని చిన్నప్పుడు బెదిరించేవాడు కాదూ, మాట వినకపోతే వెనకటి తాతెవరో తన కూతురు సుసానాకిచ్చినట్టు షిల్లింగిచ్చి తోలేస్తానని? నన్ను బెదిరించాడు. నీకు ఇచ్చాడు."

ఆ బెదిరింపు ఇద్దరికీ గుర్తే. కానీ ఆ తర్వాతి కథ క్లిఫర్డ్‌కి తెలియదు. అది జరిగిననాడు అతను సంతలో ఉన్నాడు.

పదహారు వందల ఎనభైల నాటి జోనస్ కెరిడ్జ్ వీలునామా అది. కొడుకులకి పొలాలు. కూతురు సుసానాకి ఒక షిల్లింగు. అసలు కాగితం కళ్ళారా చూసిన రోజు హెస్టర్ ఒళ్ళు మండిపోయింది. ఆ జోనస్ ముసలాణ్ణి తిట్టని తిట్టు లేదు. తండ్రి మాత్రం, "పిల్ల ఏదో చేసుంటుందిలే" అన్నాడు. దాని మీద తండ్రీ కూతుళ్ళు ఓ చలికాలమంతా పోట్లాడుకున్నారు. చివరికి వేరే కట్టలో సుసానా మామగారి వీలునామా దొరికింది. "జోనస్ కెరిడ్జ్ తన కూతురితో పాటు పెళ్ళినాడు ఇచ్చిన ఇల్లూ, రెండావులూ, రాగి కళాయీ ఆ పిల్లవే, నా కొడుకులు ఎవరూ వాటి మీద చెయ్యి వేయరాదు" అని.

అప్పుడు ముసలాయన ఆ ఆఫీసులో అందరూ తలెత్తి చూసేలా పడీపడీ నవ్వాడు.

"చూశావా హెస్టర్? గెంటేస్తే అసలు పేరే రాసేవాడు కాదు. షిల్లింగు రాశాడంటే ఏంటి? ఈ పిల్లకివ్వాల్సింది నేను బతికుండగానే ఇచ్చేశాను, మరిచిపోయాననుకుని రేపెవడూ కోర్టుకి పోకండి అని. ఆ షిల్లింగు తిట్టు కాదే, ముట్టిందని చెప్పే మాట! ఇన్నేళ్ళు జోనస్ తాతని తిట్టాం. పాపం!"

ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్ళ వీలునామాలు చదివినకొద్దీ అదే కనిపించింది. పెళ్ళినాడే వాటా ముట్టిన కూతురికి చివర్లో షిల్లింగు. దుకాణం పెట్టించిన కొడుకుకి షిల్లింగు. లోకమంతా దాన్ని గెంటివేత అనుకుంటుంది. ఆ కాగితాలతో కాపరం చేసినవాళ్ళకి మాత్రమే తెలుసు.

హెస్టర్‌కి తెలుసు.

ఆమె లేచి నిలబడింది. గురువారం నుంచి ఎందుకు తట్టలేదు? ఇతరుల చావు కాగితాలైతే గుక్క తిప్పుకోకుండా అర్థం చెబుతుంది. తన పేరు వినపడేసరికి ఆ చదువంతా ఎటు పోయిందో.

"క్లిఫర్డ్, నాన్న నాకేమిచ్చాడు?"

"అదేగా, బల్ల మీద ఉంది."

"అది కాదు. సుసానాకి వాళ్ళ నాన్న పెళ్ళినాడే ఇల్లిచ్చేశాడు, అది ముట్టిందని చెప్పడానికే షిల్లింగు రాశాడు. మన నాన్న బతికుండగా నాకేమిచ్చాడు?"

క్లిఫర్డ్ మ్యూరియల్ వైపు చూశాడు.

"కాటేజీ మేం కొనుక్కున్నాం!" అంది మ్యూరియల్. "మా డబ్బు పెట్టి కొనుక్కున్నాం."

కాటేజీ మాట ఎవరెత్తారు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆ ఇల్లాలి పని. ఆ సంగతి ఆమెకీ తెలిసింది. మెడ దగ్గర్నుంచి ఎరుపు పైకి పాకింది.

కిటికీ దగ్గర సూదుల చప్పుడు ఆగింది.

"కొనుక్కోవడమేంటి?" అంది విన్నీ అత్త. "కాటేజీ హెస్టర్‌ది కదా."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఏంటలా చూస్తారు? ఆంబ్రోస్ నాతో చెప్పాడు. మొదటిసారి పక్షవాతం వచ్చి లేచాక. 'హెస్టర్‌కి ఇల్లిచ్చేశాను విన్నీ, ఇంక నేను హాయిగా పోతాను' అన్నాడు. బయట అనకు, క్లిఫర్డ్ చిన్నబుచ్చుకుంటాడు, పాపం కాగితాలన్నీ వాడే తిరిగి చేయించాడు అన్నాడు. నేను ఎందుకంటాను? నాకేం పని?"

"అత్తా," అంది హెస్టర్. "నాకెవరూ చెప్పలేదు."

"చెప్పకపోవడమేంటే! శనివారం శనివారం పోయి నువ్వే కదా ఒళ్ళు వంచి తోముతావు. పరాయి వాళ్ళ ఇల్లు అంత తోమేవాళ్ళెవరు? నీ ఇల్లు నువ్వు అద్దెకిచ్చుకుంటున్నావు, తమ్ముడు పైపని చూస్తున్నాడు అనుకున్నాను. ఇవాళ ఈ ఇల్లు కూడా కావాలని మూతి ముడుచుకున్నావనుకునే కదా అంత మాటన్నాను!"

ఉన్నది చాలదా పిల్లా నీకు. హెస్టర్ బల్ల అంచు పట్టుకుంది.

శనివారాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బక్కెట్టు పట్టుకుని సందులోంచి తిరిగి రాగానే మంచం మీంచి ఆయన గొంతు. "పొగ బాగా లాగుతోందా? వెనక గోడ చెమ్మ ఆరిందా?" క్లిఫర్డ్ వ్యాపారం మీద ఈయనకెంత బెంగో అనుకుని, "బాగానే ఉంది నాన్నా" అని ముక్తసరిగా చెప్పేది. "మరి ఇక్కడెందుకు పడుండడం? నన్ను విన్నీ చూసుకుంటుంది. నీ ఇంటికి నువ్వు పో."

ఆయన గెంటలేదు. కూతురు సొంత గూట్లో కాళ్ళు చాపుకుని పడుకోవాలని బతిమాలాడు. ఆమె మొహం తిప్పుకుని దుప్పటి సర్దింది.

"ఒకే ఒక్క దిగులుండేది వాడికి," విన్నీ అత్త ఇంకా తనలో తాను చెప్పుకుంటున్నట్టే అంటోంది. "'ఆ ఇంటి గురించి ఒక్కసారి కూడా మంచి మాట అనదు విన్నీ. నచ్చలేదేమో' అనేవాడు. నాకు నీ మీద కోపం అందుకే. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

హెస్టర్‌కి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

"క్లిఫర్డ్," అంది, "ఆయన చూపు అప్పటికే మసక. ఆ కాగితం మీద ఎవరి పేరుందని చెప్పావు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ క్లిఫర్డ్‌కి అప్పుడు కోపమొచ్చింది. అలాంటి వాళ్ళకి వేరే దారి లేనప్పుడు అదే వస్తుంది.

"ఎవరి పేరుండాలి? తెల్లారకముందే పందుల దొడ్లో ఉన్నదెవరు? వానలో బీటుదుంపలు లాగిందెవరు? మీరిద్దరూ పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుని చచ్చినవాళ్ళ ముచ్చట్లాడుకుంటుంటే బయట నేను చచ్చాను! నన్ను ఒక్కరోజైనా రమ్మన్నాడా ఆ ఆఫీసుకి? వాళ్ళు నాకు తాతలు కారా? నాతో మాట్లాడితే పేడ గురించి, నీతో మాట్లాడితే వంశం గురించి!"

"అందుకని నా ఇల్లు తీసుకున్నావు."

"నా చెమట నేను తీసుకున్నాను."

"క్లిఫ్," అంది మ్యూరియల్. ఈసారి నిజంగానే చాలనే అంది.

హెస్టర్ ఆప్రాన్ జేబులో చెయ్యి పెట్టింది. తాళంచెవి చల్లగా తగిలింది. కోటు తీసుకుని గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. నాన్న ఎన్నాళ్ళుగానో పొమ్మంటున్నాడు."

ఆ మాట అన్నాక ఒక్క క్షణం, ఆ పది రోజుల్లో మొదటిసారి, ఆమెకి వెన్ను నిలబడినట్టయింది.

"పో," అన్నాడు క్లిఫర్డ్. కోపం దిగిపోయింది. ఆ దిగిన గొంతే భయంగా ఉంది. "కోర్టుకి కూడా పో. ముందు దస్తావేజు చూస్తారు. తండ్రి ఆంబ్రోస్ నుంచి కొడుకు క్లిఫర్డ్‌కి అని ఉంటుంది. కింద సాక్షి సంతకం చూస్తారు. అది ఎవరిదో తెలుసా హెస్టర్?"

ఆమె వెనక్కి తిరిగింది.

"నీదే."

ఈ వంటిల్లే. ఈ బల్లే. గుర్తుకు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆరోజు ఆమె ఆపిల్ కేకుకి పిండి కలుపుతోంది. మోచేతుల దాకా పిండి. తండ్రి ఆ మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చుట్టూ మసకగా కనపడే రోజులు. పట్నంలో ఎవరో కొత్త వకీలు చేత రాయించిన కాగితం తెచ్చి క్లిఫర్డ్ బల్ల మీద పెట్టాడు. "పొలం కాగితాలు. సాక్షి కావాలట, ఇక్కడ, ఈ గీత మీద" అన్నాడు. పై భాగం మీద అతని అరచెయ్యి ఉంది. హెస్టర్ పిండి వేళ్ళు ఆప్రాన్‌కి తుడుచుకుని పేరు గీకేసింది. కాగితం చివర తెల్లటి వేలిముద్ర పడితే ఊదింది కూడా.

మూలనుంచి తండ్రి అడిగాడు.

"చదువుకున్నావా హెస్టర్?"

అవతల పిండి గట్టిపడుతోంది. "ఆఁ, చదివాను నాన్నా," అందామె.

ఆయన తృప్తిగా తల ఊపాడు. కూతురు చదివిందంటే ఆయనకి వేదం. మూడు వందల ఏళ్ళ నాటి కోడిగీతల్ని తప్పు లేకుండా చదివే మనిషి, కళ్ళ ముందు టైపు కొట్టిన కాగితాన్ని చదవకుండా పెడుతుందని ఎలా అనుకుంటాడు? ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే పోయి కుడితి తొట్టిలో పడింది.

ఆ ఒక్క మాట పట్టుకునే ఆయన ఎనిమిదేళ్ళు బతికాడు. ఆ మాట పట్టుకునే షిల్లింగు రాయించాడు. హెస్టర్‌కి తెలుసు.

"హెస్టర్," విన్నీ అత్త అల్లిక ఒళ్ళోంచి జారిపోయింది. "చదివే కదా సంతకం పెట్టావు?"

హెస్టర్ కోటు తొడుక్కుంది.

బయట సందులో కారు హారన్ మోగింది. లండన్ వాళ్ళు ముందే వచ్చేశారు. కాటేజీ తలుపు వేసుందని కాబోలు, మళ్ళీ మోగించారు.

"తాళంచెవి ఇటివ్వు," అన్నాడు క్లిఫర్డ్. అరచెయ్యి చాచాడు. ఆరోజు కాగితం మీద ఆనించిన చెయ్యే.

హెస్టర్ బల్ల దగ్గరికి వచ్చింది. పంది మాంసం పళ్ళెం పక్కన పడున్న నాణెం తీసింది. మొదటిసారి దాన్ని చూసింది. పాత షిల్లింగే అది, ఇంకా ఐదు పెన్నీల కింద చెల్లుతున్నది. ఎవరి జేబులోంచి వచ్చిందో ఆ మనిషి అరచేతిలోనే దాన్ని పెట్టి, అతని వేళ్ళు తన వేళ్ళతో ముడిచింది.

"నీకు ముట్టాల్సింది నీకు ముట్టింది క్లిఫర్డ్. రేపు మరిచిపోయానని ఎవరూ అనకూడదు."

అతను ఆ గుప్పిటి వైపే చూస్తున్నాడు. ఆ మాటకి అర్థం అతనికి ఇప్పుడు తెలుసు.

ఆమె గుమ్మం దాటింది. పెరట్లో తండ్రి పరుపు ఇంకా పొగలు కక్కుతోంది. తాళంచెవి జేబులోనే ఉంది. మూడో హారన్ మోగింది. కోటు బొత్తాలు పెట్టుకుంటూ ఆ వైపే నడిచింది కానీ, అత్త ప్రశ్న సందు మలుపు దాకా ఆమె వెంటే వచ్చింది. ఆ ప్రశ్ననే రేపు జడ్జీ అడుగుతాడు. అప్పుడు ఆమె చదవలేదని నిజం చెబితే ఇల్లు పోతుందో, చదివానని అబద్ధం చెబితే పోతుందో, ఆమెకే తెలియడం లేదు.